కొలిచేది నాలుగు, సరిచేసేది రెండు

కారుకి నాలుగు చక్రాలుంటాయని చంటిపిల్లాడు కూడా చెప్తాడు. వీల్ ఎలైన్‌మెంట్ షాపువాళ్ళకి మాత్రం రెండే కనిపిస్తాయి. బోర్డు మీద ‘ఫోర్ వీల్ ఎలైన్‌మెంట్’ అని పెద్దక్షరాలు. నాలుగు చక్రాలకీ క్లాంపులు బిగిస్తారు, కంప్యూటర్లో నాలుగింటి అంకెలూ చూపిస్తారు. ఆఖరికి స్పానర్ పట్టుకుని ముందు రెండింటి టై రాడ్లు అటూఇటూ తిప్పి బిల్లు చేతిలో పెడతారు. దీన్ని ఫోర్ వీల్ అని ఎలా అంటారండీ?

మాది 2015లో కొన్న డస్టర్, ఆల్ వీల్ డ్రైవ్‌ది. ఉండేది విశాఖలో, అత్తగారి ఊరు పాడేరు వైపు. ఘాట్ రోడ్డూ వానాకాలం బురదా తప్పవని మావారు ఏరికోరి ఈ రకం తీసుకున్నారు. మామూలు డస్టర్‌లో వెనక చక్రాలు రెండింటినీ కలుపుతూ ఒకే దూలం లాంటిది ఉంటుంది, అక్కడ సర్దడానికి పెద్దగా ఏమీ ఉండదు. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లు చాలావరకు అంతే. షాపు కుర్రాళ్ళ చెయ్యి వాటికే అలవాటు పడింది. మా బండికి అలా కాదు. వెనక చక్రాలకి కూడా దేని కడ్డీలు దానికే విడిగా ఉంటాయి, వాటి చివర్లలో రబ్బరు బుష్‌లు. పదేళ్ళు గుంతల్లో పడి లేచాక ఆ రబ్బరు పగులుతుంది, సాగుతుంది, చక్రం తన కోణం తప్పుతుంది.

కిందటి ఆషాఢంలో బండి కడుగుతూ వెనక ఎడమ టైరు లోపలి అంచు మీద చెయ్యి వేశాను. ఒకవైపు నిమిరితే నున్నగా ఉంది, రెండోవైపు నిమిరితే కొబ్బరికోరులా గుచ్చుకుంది. చక్రం ఉండాల్సిన దానికన్నా లోపలికో బయటికో తిరిగి ఉంటే రోడ్డు మీద దొర్లుతూనే పక్కకి రాసుకుంటుంది, అప్పుడు పడే అరుగుదల ఇది. ఆ కోణాన్నే వాళ్ళు ‘టో’ అంటారు. కాలివేళ్ళు లోపలికి తిప్పి నడిచేవాళ్ళ చెప్పులు ఎలా అరుగుతాయో చూశారుగా, అదే సంగతి. అప్పటికి ఆ ఏడాదిలో రెండుసార్లు ఎలైన్‌మెంట్ చేయించాం!

పాత కాగితాలు బయటికి తీసి చూస్తే ముందు చక్రాల అంకెలు పచ్చగా, వెనకవి రెండుసార్లూ ఎర్రగా ఉన్నాయి. షాపుకి వెళ్ళి అడిగాను. “వెనకదానికి సెట్టింగ్ ఉండదమ్మా, సార్‌ని పంపండి, చెప్తాం” అన్నాడు. సార్ వస్తే ఆ ఎరుపు పచ్చగా మారుతుందా? పైగా క్యాంబర్ కూడా తప్పిందనీ, జాకీ పెట్టి వంచితే సరిపోతుందనీ, దానికి వేరే డబ్బులనీ చెప్పాడు. అరిగిన బుష్ మార్చకుండా ఇనుమును వంచడమంటే, చెదలు పట్టిన గుమ్మానికి రంగు వెయ్యడమే.

“స్టీరింగ్ వదిలితే బండి తిన్నగానే పోతోంది కదమ్మా” అన్నది వాళ్ళ చివరి అస్త్రం. రెండువైపులా తప్పు ఒకేలా ఉన్నా బండి తిన్నగానే పోతుంది, టైర్లు మాత్రం అరుగుతూనే ఉంటాయి. వెనక చక్రాలు ఒక పక్కకి నెడుతుంటే స్టీరింగ్ కొంచెం వంకరగా పట్టుకుని తిన్నగా నడపాల్సి వస్తుంది. మావారు ఆర్నెల్లుగా అలాగే నడుపుతూ “పాత బండి కదా” అని సర్దుకుపోయారు. సర్దుకుపోవడం మనకి ఇంట్లో ఎలాగూ ఉంది, టైర్ల దగ్గర కూడానా?

ఆల్ వీల్ డ్రైవ్‌కి ఇంకో మెలిక ఉంది. రెండు టైర్లు అరిగితే రెండే మారిస్తే కుదరదు. కొత్త టైరు చుట్టుకొలత ఎక్కువ, అరిగినదానిది తక్కువ. ముందూ వెనకా చక్రాలు ఒకే దూరానికి వేర్వేరుగా తిరిగితే, మధ్యనున్న కప్లింగ్ దాన్ని జారుడనుకుని ఊరికే శ్రమపడి వేడెక్కుతుంది. కాబట్టి నాలుగూ మార్చాల్సిందే. మాకు ముప్ఫైరెండు వేలైంది. అమ్మాయి సెమిస్టర్ ఫీజుకి దాచినదాంట్లోంచి తీశాం. మొన్ననే లైసెన్స్ తెచ్చుకుని ఆ బండే నడుపుతున్న అదే అమ్మాయి, అంచు అరిగిన టైర్లతో తడి ఘాట్ దిగితే ఏమయ్యేదో ఆ షాపాయన ఆలోచించాడా?

తర్వాత వేరేచోట చేయించాం, మూడు గంటలు పట్టింది. గాలి సరిచూశారు, కిందకి దూరి బాల్ జాయింట్లూ బుష్‌లూ ఊపి చూశారు, రెండు బుష్‌లు మార్చారు, తుప్పు పట్టిన బోల్టులకి నూనె పోసి నానబెట్టారు. స్టీరింగ్ తిన్నగా నిలిపి కట్టాక ముందు వెనక చక్రాలు, ఆ తర్వాతే ముందు చక్రాలు. ఈ వరస తిరగబడితే చేసిందంతా వృథా, ఎందుకంటే బండి ఎటు పోవాలో నిర్ణయించేది వెనక చక్రాలే. సరిచెయ్యకముందువీ చేశాకవీ అంకెలన్నీ ఉన్న కాగితమిచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బీచ్ రోడ్డులో నడిపి చూపించారు. మొదటి షాపుకన్నా రెండింతలకు పైగా తీసుకున్నారు, సంతోషంగా ఇచ్చాను.

వెనక చక్రాలు సరిచెయ్యడం రాకపోతే రాదని చెప్పొచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. బోర్డు మీద ‘ముందు చక్రాలకు మాత్రమే’ అని రాయించుకోండి చాలు, మా దారిన మేం ఇంకోచోటికి పోతాం.