కూర లేని కంచంలో ఉప్పు

"మా ఉప్పు తిని మాకే ఎదురు తిరుగుతావురా?" దొరలు మన తాతలను, అయ్యలను అడిగిన మాట ఇది. వాళ్ళు పెట్టింది ఉప్పే అన్నది మాత్రం నిజం. పప్పూ పాలూ నెయ్యీ వాళ్ళ ఇంట్లోనే ఉండిపోయినయి. మన కంచంలోకి వచ్చింది గంజి, గొడ్డుకారం, పచ్చిమిరపకాయ. మాంసం దొరికిన నాడు మిగిలింది ఉప్పు పట్టించి ఎండబెట్టి దాచుకున్నాం. అది మన అమ్మల తెలివి, సిగ్గుపడాల్సిన పని లేదు. కానీ ఆ ఉప్పే ఇవాళ మన గుండె మీదికి వస్తోంది.

ఒంట్లో ఉప్పు ఎక్కువైతే అది నీళ్ళను పట్టి ఉంచుతుంది. రక్తం పెరిగి నాళాల గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది. బీపీ అంటున్నది దాన్నే. ఏళ్ళ తరబడి ఆ ఒత్తిడికి ఎదురు కొట్టీ కొట్టీ గుండె కండరం మందమైపోతుంది, నాళాలు బిరుసెక్కుతాయి. ఓ రోజు గుండెపోటు, లేకుంటే పక్షవాతం. చాలామందికి అంతదాకా నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు. అందుకే కాలూ చెయ్యీ పడిపోతే గాలి సోకిందనీ, ఎవరో చేతబడి చేశారనీ అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. చేతబడి అనుమానంతో మనుషుల్ని చంపిన ఊళ్ళు కూడా తెలంగాణలో ఉన్నాయి.

పెద్దవాళ్ళు రోజుకు 5 గ్రాములకు, అంటే ఒక చిన్న చెంచాకు, మించి తినొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లోకం సగటున దానికి రెండింతలు తింటోంది. ఇంటి లెక్కలో చూడండి: ఐదుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ 40 రోజులు రావాలి, పచ్చళ్ళతో సహా. మీ ఇంట్లో ఎన్నాళ్ళు వస్తోంది?

"ఎండలో చెమటోడ్చేటోళ్ళం, ఉప్పు లేకపోతే ఎట్లా?" అంటారు. చెమటతో ఉప్పు పోతుంది, నిజమే. విరేచనాలప్పుడు ఓఆర్ఎస్ తాగాల్సిందే. అయితే బీపీ ఉన్న మనిషి మూడు పూటలా ఆవకాయతో తినడానికి అది సాకు కాదు.

డాక్టరు "ఉప్పు తగ్గించు" అని పంపిస్తాడు. తగ్గించి దేంతో తినాలి? రేషన్ షాపు బియ్యం ఇస్తుంది, కూరగాయలు ఇవ్వదు. ఒట్టి అన్నం గొంతు దిగాలంటే కూలివాడికి ఉప్పూ కారమే గదా దిక్కు! మన నాలుక రుచిని తప్పుపట్టే ముందు ఈ కూలి రేట్లను తప్పుపట్టాలి.

చైనాలో 600 పల్లెల్లో ఒక పరిశోధన జరిగింది. పక్షవాతం వచ్చినవాళ్ళు, 60 దాటి బీపీ ఉన్నవాళ్ళు సుమారు 21,000 మంది. సగం పల్లెలకు పావు వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. అక్కడ పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. మన దగ్గర అలాంటి ఉప్పు మామూలు ఉప్పు కంటే ఎంతో ఖరీదు. కిడ్నీ జబ్బున్నవాళ్ళకైతే అది ప్రమాదం కూడా, డాక్టర్ను అడక్కుండా వాడొద్దు.

30 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ చూడాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న కార్యక్రమమే. మాత్రలు పీహెచ్‌సీలో ఉచితంగా ఇవ్వాలి. ఈ పక్షం సంఘం మీటింగుకు ఏఎన్ఎంను మిషన్‌తో సహా పిలవండి. వాడలో ఎంతమందికి చూశారు, ఎంతమందికి బీపీ ఉంది, ఎంతమందికి మాత్రలు అందుతున్నాయి, పేరుపేరునా రాయించండి. తగ్గిందని మాత్రలు మానేసినవాళ్ళను మళ్ళీ పంపండి. మాత్రలు లేవంటే ఆ కాగితం పట్టుకుని మండల ఆఫీసు ముందు కూర్చుందాం.