నొప్పి లేదని ఊరుకుంటే ముప్పే!

శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే ఆడవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. దీన్నే అడ్డపొగ అంటారు. గాలికి చుట్ట ఆరిపోదని, నుసి మీద పడదని, చేతులు పనికి ఖాళీగా ఉంటాయని వారు చెబుతారు. తల్లిని చూసి కూతురు నేర్చుకున్న అలవాటిది. అడ్డపొగకూ అంగిలి కేన్సర్‌కూ గల సంబంధాన్ని 1960, 70 దశకాల్లోనే ఈ ప్రాంతంలో పరిశోధకులు వెల్లడించారు. అంగిలి తెల్లబడటం, దళసరెక్కడం, ఎర్రని చుక్కలు, మచ్చలు రావడం తొలి గుర్తులు.

అయితే ఈ మచ్చ గానీ, చిన్న పుండు గానీ మొదట్లో నొప్పి పెట్టదు. నొప్పి లేనిదే మన పల్లెల్లో ఎవరూ ఆస్పత్రి గడప తొక్కరు. ‘వేడి చేసింది, అదే తగ్గుతుంది’ అనుకుని నెలలు గడిపేస్తారు. ఆ నెలల్లోనే జబ్బు ముదిరిపోతుంది.

నోటి కేన్సర్ పైకి కనిపించేది కొంతే. అది వేరులా లోపలికి దిగుతుంది. అంగిలి మీద పొర పలచన, దాని కిందే ఎముక. ఎముకను తొలిస్తే ఆ పైన ముక్కు, దవడ గాలిగదులు. బుగ్గలో పుడితే కండలోకి, అక్కడి నుంచి చర్మానికో దవడ ఎముకకో పాకుతుంది. నమిలే కండరాలకు సోకితే నోరు తెరుచుకోదు. నరం వెంట పాకితే పెదవి, గడ్డం తిమ్మిరెక్కుతాయి. నాలుక అంతా కండే కనుక అక్కడ మరీ త్వరగా లోతుకు పోతుంది.

అందుకే వైద్యులు 2018 నుంచి పుండు వెడల్పుతో పాటు లోతును కూడా కొలిచి దశ నిర్ణయిస్తున్నారు. పుండు రెండు సెంటీమీటర్ల లోపే ఉన్నా, లోతు 5 మిల్లీమీటర్లు దాటితే ఒక దశ పెరిగినట్లే. మెడలో బిళ్ల కట్టిందంటే రోగి బతికే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. బిళ్ల చేతికి తగలకముందే జబ్బు అక్కడికి చేరి ఉండవచ్చు. ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి వైద్యులు 2015లో ప్రకటించిన అధ్యయనమే ఇందుకు సాక్ష్యం. తొలి దశ రోగుల్లో మొదటి ఆపరేషన్‌లోనే మెడ గ్రంథులు కూడా తీసినవారిలో మూడేళ్లకు 80 శాతం మంది జీవించి ఉండగా, బిళ్ల కనిపిస్తేనే తీద్దామని వేచి చూసినవారిలో 67.5 శాతం మందే మిగిలారు.

త్వరగా చూస్తే కోతా తక్కువే. చిన్న మచ్చ అయితే దానివరకు తీసేస్తారు. ఎముకకు పట్టాక అంగిలే తీయవలసి వస్తుంది. అప్పుడు తాగిన గంజి ముక్కులోకి రాకుండా కట్టుడు పలక పెట్టుకోక తప్పదు.

చికిత్స ఖర్చుకు ఆరోగ్యశ్రీ పేరిట 2007లో మొదలైన ప్రభుత్వ సాయం ఉంది. కానీ అది రోగమని తేలాక ఆదుకునేది. తేల్చేదెవరు? ముప్పయి ఏళ్లు దాటినవారి నోటిని పరీక్షించాలని కేంద్రం మార్గదర్శకాలు 2016లోనే వచ్చాయి. ఇందుకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు, మంచి వెలుతురు, తర్ఫీదు పొందిన కళ్లు చాలు. కేరళలో తిరువనంతపురం ప్రాంతంలో శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు చూడగా, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి కేన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయని 2005లో ప్రకటించారు.

ఆ పని మన తీర గ్రామాల్లో ఎందుకు జరగకూడదు? ఐదేళ్లకొకసారి అన్న నియమంతో సరిపెట్టక, అడ్డపొగ తాగే ప్రతి మహిళ నోటినీ ఏడాదికొకసారి చూడాలి. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ‘నోరు తెరువమ్మా’ అని అడగడం అలవాటు చేసుకోవాలి. అనుమానం ఉన్నవారికి చీటీ రాసిచ్చి పంపేస్తే చాలదు, ఒకరు తోడుండి పెద్దాసుపత్రికి చేర్చాలి. కూలి పోతుందని ఆగిపోయేవారే ఎక్కువ.

ఇంట్లోవారికీ బాధ్యత ఉంది. పొగ మానిపించడం మొదటి మందు. రెండు మూడు వారాల్లో మానని పుండు ఉంటే, నొప్పి ఉన్నా లేకున్నా, అమ్మనో అత్తనో వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. జిల్లా వైద్యాధికారులు ఈ దిశగా శ్రద్ధ వహిస్తారని ఆశిద్దాం.