రెండేళ్ల పది నెలల ఆరు రోజులు

"దశ మారేదాకా కాస్త ఓపిక పట్టమ్మా." ఈ వాక్యంలో నాకు అభ్యంతరం ఉన్నది చివర్న ఉన్న ఆ 'అమ్మా' దగ్గర. మగపిల్లలకి ఇలాంటివి చెప్పరని కాదు, చెబుతారు. కానీ ఉద్యోగం రాని కుర్రాడికి దశ బాగాలేదంటే, వాడు ఓ పక్క శనికి తైలాభిషేకం చేయించుకుంటూ ఇంకో పక్క అప్లికేషన్లు పెడుతూనే ఉంటాడు. పెట్టొద్దని ఎవరూ అనరు. స్థలం కొనాలనుకున్న పెద్దమనిషికి కుజుడు అడ్డొచ్చాడంటే ఓ హోమం, వేలికి ఓ పగడం, రిజిస్ట్రేషన్ మాత్రం వచ్చే గురువారమే. మగవాడి గ్రహాలకి పరిహారాలుంటాయి. ఆడపిల్ల గ్రహాలకి ఆ పిల్ల ఓపికే పరిహారం.

ముందే చెప్పేస్తున్నాను, నేను నాస్తికురాలిని కాను. ఉగాది నాడు పచ్చడి తిన్నాక పంచాంగ శ్రవణం వింటాను. నా రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని ఉంటే ఇందులో కొత్తేముందని నవ్వుకుంటాను. జ్యోతిషం శాస్త్రమా కాదా అన్న వాదంలోకీ నేను దిగను. యూనివర్సిటీల్లో జ్యోతిషం కోర్సులు పెట్టడం తగదని మన హైదరాబాదు సీసీఎంబీ వ్యవస్థాపకులు పి.ఎం. భార్గవ గారు కోర్టుకి వెళ్లారు. 2004లో సుప్రీంకోర్టు ఆయన అప్పీలు కొట్టేసింది. అది పెద్ద చదువులవాళ్ల గొడవ. నాది హాల్లో సోఫా మీద కూర్చుని, ఆడపిల్ల ఎదురుగానే, ఆ పిల్లని ఎప్పటిదాకా ఆపాలో చక్రం వేసి చూసే అలవాటు మీద.

ఈ మధ్య మా పెద్దమ్మ కూతురు, అంటే నాకు అక్క, వాళ్లమ్మాయి పుట్టింటికి వచ్చేసింది. 29 ఏళ్లు. పెళ్లయి నాలుగేళ్లు. పేరూ ఊరూ వద్దు. ఎడమ దవడ కమిలి ఉంది, నమలడానికి లేదు. ఇంతకుముందు రెండుసార్లు వస్తే, రెండుసార్లూ పెద్దమనుషులు కూర్చుని సర్దిచెప్పి పంపించారు. ఈసారి అక్కా బావా నిజంగానే భయపడ్డారు. భయపడి ఆసుపత్రికి వెళ్లారా? లేదు. జాతకం పట్టుకుని సిద్ధాంతి గారి దగ్గరికి వెళ్లారు.

ఆయన చెప్పింది ఇదీ. అమ్మాయిది పునర్వసు మొదటి పాదం. ఇప్పుడు శని మహాదశలో రాహువు అంతర్దశ, మొన్న మొన్ననే మొదలైంది. 2 సంవత్సరాల 10 నెలల 6 రోజులు నడుస్తుంది. ఆ తర్వాత గురువు అంతర్దశ వస్తుంది, అల్లుడే మారిపోతాడు. అందాకా అక్కడే సర్దుకుంటే మంచిది, విడిగా ఉంటే వియోగం బలపడుతుంది.

పిల్ల అన్న డాలస్‌లో ఉంటాడు. వాళ్లావిడకి మన సిద్ధాంతుల మీద గురి లేదు, అదంతా పాతకాలం వ్యవహారమట. ఫోన్లో ఏదో యాప్‌లో ప్రోగ్రెస్డ్ చార్ట్ తీసి ఆడపడుచుకి పంపింది, ప్రేమతోనే పంపింది పాపం. ఇంగ్లీషులో పదకొండు పేజీలు. సారాంశం ఏమిటంటే, ప్రోగ్రెస్డ్ చంద్రుడు పన్నెండో ఇంట్లోకి వచ్చాడు, సుమారు రెండున్నరేళ్లు అక్కడే ఉంటాడు, ఇది తనలోకి తాను చూసుకునే కాలం, పెద్ద నిర్ణయాలు వాయిదా వేసుకోవాలి.

"చూశావుటే, ఇక్కడా అక్కడా ఒకటే మాట వచ్చింది" అంది అక్క.

నాకు ఒళ్లు మండింది అక్కడే. ఎందుకంటే ఈ రెండు లెక్కలకీ పొత్తు లేదు. కాస్త ఓపిక చేసుకుని చదవండి, ఇందులో పిండి కొలతలకి మించిన గణితం ఏమీ లేదు.

మన వింశోత్తరి దశలు మొత్తం 120 ఏళ్లు. కేతువుకి 7, శుక్రుడికి 20, రవికి 6, చంద్రుడికి 10, కుజుడికి 7, రాహువుకి 18, గురువుకి 16, శనికి 19, బుధుడికి 17. పుట్టినప్పుడు చంద్రుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ నక్షత్రాధిపతి దశతో జీవితం మొదలవుతుంది. ఆ నక్షత్రంలో చంద్రుడు ఇంకా ఎంత దూరం పోవాలో, ఆ దశ అంత మిగిలి ఉందని లెక్క. అంతర్దశంటే దశలో వంతు. శని 19 ఏళ్లని రాహువు 18తో హెచ్చవేసి 120తో భాగిస్తే ఆ 2 సంవత్సరాల 10 నెలల 6 రోజులు వస్తాయి. పుట్టిన నిమిషం తర్వాత ఈ లెక్కకి మళ్లీ ఆకాశం వైపు చూసే పని లేదు. (దశ అనే మాటకి సంస్కృతంలో బట్ట అంచు అనీ, దీపపు వత్తి అనీ కూడా అర్థాలున్నాయి. బి.ఏ.లో మా మేష్టారు చెప్పారు. వత్తి కాలినంతసేపే దీపం అని ఆయన భావం.)

ప్రోగ్రెస్డ్ చార్ట్ దారే వేరు. అది పాశ్చాత్యులది. పుట్టిన తర్వాత గడిచిన ఒక్కో రోజునీ జీవితంలో ఒక్కో ఏడాదిగా తీసుకుంటారు. నాకు 29 ఏళ్లయితే, నేను పుట్టాక 29 రోజులకి గ్రహాలు ఎక్కడున్నాయో చూసి ఇప్పటి నా బతుకు చెబుతారన్నమాట. చంద్రుడు రాశిచక్రం చుట్టి రావడానికి 27 రోజుల పైచిలుకు పడుతుంది కాబట్టి, ఈ లెక్కలో 27 ఏళ్ల పైచిలుకు. పన్నెండు ఇళ్లకి పంచితే సగటున ఒక్కో ఇంట్లో రెండుంబావు ఏళ్లు, ఇల్లు కాస్త పెద్దదైతే రెండున్నర. 17వ శతాబ్దంలో ఇటలీలో ప్లాసిడస్ అనే క్రైస్తవ సన్యాసి దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. పైగా వాళ్లది సాయన పద్ధతి, మనది నిరయనం. ఇద్దరి రాశిచక్రాలకీ మధ్య ఈ రోజుల్లో 24 డిగ్రీల దాకా తేడా. వాళ్ల మేషం మొదలయ్యేచోట మనకింకా మీనమే నడుస్తుంటుంది.

ఒక్కసారి ఆలోచించండి. ఈ పిల్లని 21వ రోజున ఉయ్యాలలో వేశారు. మేమందరం పాటలు పాడాం. ఆ తర్వాత ఓ వారం పది రోజులకి, అది పాలు తాగి నిద్రపోతున్నప్పుడు, చంద్రుడు ఎక్కడున్నాడో చూసి, 29 ఏళ్ల తర్వాత దవడ కమిలిన మనిషి ఇంటికి రావాలా వద్దా అని తేలుస్తున్నాం! ఒక రోజుకి ఒక ఏడాది ఎందుకు, ఒక నెల ఎందుకు కాకూడదు అంటే, అలా అనుకున్నారు అంతే.

ఇంగ్లండులో ఈ ప్రోగ్రెస్డ్ జాతకాల మీద పెద్ద పుస్తకం రాసినాయన అలన్ లియో. జాతకాలు పోస్టులో పంపి వ్యాపారం చేసేవాడు. సోది చెబుతున్నాడని 1917లో లండన్‌లో ఆయన మీద కేసు పెట్టారు. నేను జరగబోయేది చెప్పడంలేదు, మనిషి మొగ్గు ఎటో చెబుతున్నానంతే అని ఆయన వాదన. కోర్టు నమ్మక జరిమానా వేసింది. ఆ వాదన మాత్రం బతికిపోయింది. ఇవాళ యాప్‌లు మాట్లాడే భాషంతా అదే. "లోపలికి చూసుకునే కాలం", "విడిచిపెట్టడం నేర్చుకునే కాలం". మన సిద్ధాంతి గారు నయం, తేదీ చెప్పి దొరికిపోతారు. యాప్ ఎక్కడా దొరకదు.

దొరికిపోవడం అన్నాను కదా, ఆ తేదీ సంగతి చూద్దాం. చంద్రుడు ఒక నక్షత్రం దాటడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. పునర్వసులో పుడితే మొదటి దశ గురువుది, 16 ఏళ్లు. అంటే ఆకాశంలో 24 గంటలు, జాతకంలో 16 ఏళ్లు. గంట తేడా వస్తే 8 నెలలు జరిగిపోతుంది. మా అక్కేమో పిల్ల ఆరున్నరకి పుట్టిందంటుంది, పాలవాడు గంట కొట్టాడని ఆవిడ గుర్తు. నర్సింగ్ హోం చీటీలో 6.55 అని ఉంది. ఆ 25 నిమిషాలకి దశలో మూడు నెలల పైన తేడా. మూడు నెలలు దెబ్బలు తినేవాళ్లకి ఎక్కువా తక్కువా, మీరే చెప్పండి.

అయనాంశ సంగతి ఇంకా ఉంది. ఎక్కువమంది వాడేది లాహిరి అయనాంశ. మేఘనాథ్ సాహా అధ్యక్షతన ప్రభుత్వం వేసిన కేలండర్ సంస్కరణ సంఘం 1955లో ఇచ్చిన నివేదికతో దానికి అధికారిక హోదా వచ్చింది. బెంగళూరు బి.వి. రామన్ గారి శిష్యులు ఆయన అయనాంశ వాడతారు. రెండింటికీ తేడా దాదాపు ఒకటిన్నర డిగ్రీ. మా అబ్బాయి చేత సాఫ్ట్‌వేర్‌లో లాహిరి తీసేసి రామన్ పెట్టించాను. దశలన్నీ ఏడాది తొమ్మిది నెలలు ముందుకి జరిగాయి. మొన్న మొన్న మొదలైందన్న రాహువు అంతర్దశ సగానికి పైగా అయిపోయిందట, ఇంకో పదమూడు నెలలే ఉందట. ఒక్క నొక్కుతో అల్లుడికి మంచితనం ఏడాది తొమ్మిది నెలలు ముందొచ్చేసింది. అక్కకి చూపించాను. ఆవిడ కాసేపు చూసి, "మన సిద్ధాంతి గారు చెప్పిందే రైటై ఉంటుందిలే" అంది.

నాకప్పుడు అర్థమయింది ఇది. వేరు వేరు ఆకాశాల్లో, వేరు వేరు గుణకారాలతో బయల్దేరిన రెండు లెక్కలు ఒకే జవాబుకి వచ్చాయంటే, ఆ జవాబు ముందే ఇంట్లో ఉంది. బావ నోట్లో ఉంది, "తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకుంటే నలుగురూ ఏమనుకుంటారు" అని. అక్క గుండెల్లో ఉంది, చిన్నదాని పెళ్లి కావాలి కదా అని. ఆ మాట వాళ్లు పైకి అనలేరు. కన్నకూతురి మొహం చూసి, నువ్వు దెబ్బలు తిన్నా ఫరవాలేదు, మా పరువు ముఖ్యం అని ఏ తల్లీ అనదు. రాహువు చేత అనిపిస్తుంది. మూల నక్షత్రం పిల్ల మామగారికి గండం అని సంబంధాలు తప్పించేవాళ్లూ ఇంతే. కట్నం చాలలేదని చెప్పడానికి మొహమాటం, నక్షత్రం మీద పెట్టడానికి లేదు.

"మరి కష్టంలో ఉన్నవాళ్లకి అదో ధైర్యం కదండీ" అంటారు కొందరు. ఎవరికి ధైర్యం? ఆ సాయంత్రం జాతకం కాగితం మడిచి బీరువాలో పెట్టాక అక్క మొహం తేటపడింది, బావ టీవీ పెట్టుకున్నారు. పిల్ల నా దగ్గరికి వంటింట్లోకి వచ్చి, "ఆ ఆరు రోజులు కూడా ఉండాలా పిన్నీ?" అని అడిగింది. వేళాకోళం అనుకున్నాను. కాదు, నిజంగానే అడిగింది.

ఆగడం ఖర్చులేని పని అని మన ఇళ్లల్లో ఒక నమ్మకం. చట్టంలో కూడా ఒక గడియారం ఉంది, దాని సంగతి ఏ చక్రంలోనూ రాయరు. భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం మీద వచ్చే సెక్షన్, పాత 498ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85. శిక్ష మూడేళ్ల దాకా. అలాంటి నేరాన్ని కోర్టు విచారణకి తీసుకోవడానికి మామూలుగా ఉన్న గడువు కూడా మూడేళ్లే. తగిన కారణం ఉంటే కోర్టు ఆలస్యాన్ని మన్నించవచ్చు, కానీ అప్పుడు ఇంతకాలం ఎందుకు ఊరుకున్నావమ్మా అన్న ప్రశ్నకి జవాబు చెప్పుకోవాలి. సిద్ధాంతి గారి మాట విని ఈ పిల్ల వెనక్కి వెళ్లి, రాహువు దిగిపోయేదాకా కాచుకుని కూర్చుంటే, ఈ దవడ దెబ్బకి మిగిలే గడువు రెండు నెలలకి లోపు. రాహువు అంతర్దశలో ఉండమన్నాడండీ అని మేజిస్ట్రేటుకి చెబుతుందా?

ఇంకో చట్టం ఉంది, 2005 గృహ హింస చట్టం. దాని కింద ఆడది పెట్టుకున్న అర్జీకి మొదటి వాయిదా మామూలుగా మూడు రోజులు దాటకూడదనీ, ఆ తర్వాత 60 రోజుల్లో తేల్చడానికి చూడాలనీ రాసి ఉంది. కోర్టుల్లో అలా జరగడంలేదని నాకూ తెలుసు. కానీ రాసినవాళ్లు రోజుల్లో లెక్కపెట్టారు. మనం దశల్లో లెక్కపెడుతున్నాం. దెబ్బ తగిలిన రోజున ఫోను చెయ్యడానికి 181 ఉంది, అందులో ముహూర్తం అడగరు. రోగికి మందివ్వడానికి వర్జ్యం చూడక్కర్లేదని మన పెద్దలే అంటారు కదా. దెబ్బలు తిన్న పిల్లకి మాత్రం వర్జ్యం రెండేళ్ల పది నెలలా?

మర్నాడు పొద్దున్నే పిల్లని నేనే గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఎమ్మెల్సీ రాయించాం. ఎక్స్‌రే తీశారు, ఎముక విరగలేదు. చీటీ మీద తేదీ, టైము ఉన్నాయి, వాటికి అయనాంశ అక్కర్లేదు. బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. డాలస్ అమ్మాయి మాత్రం ఫోన్ చేసి, "అత్తయ్యా, లాయర్ ఫీజు మేం పంపిస్తాం" అంది. ఆ పదకొండు పేజీల ఊసు నేనూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు.

సోమవారం ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గరికి వెళ్తున్నాం. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా. ఆఫీసు తెరిచేది పదిన్నరకి, కాబట్టి అక్కకి కూడా అభ్యంతరం లేదట, వస్తానంది.