తాళం వేయండి, రాసింది పారేయకండి

ధాన్యం అమ్మాలన్నా, పంట నమోదు సరిచూసుకోవాలన్నా, పీఎం కిసాన్ ఈకేవైసీ చేయించాలన్నా ఇప్పుడు పని కంప్యూటర్ తోనో ఫోన్ తోనో. ఆ తెర మీద రైతులకు బాగా పరిచయమైన మాట ఒకటుంది: "సెషన్ గడువు ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి." ఆ ఒక్క మాటతో అరగంట కూర్చుని నింపిన వివరాలన్నీ మాయమవుతాయి. ఇది చిన్న సాంకేతిక ఇబ్బంది అని కొట్టిపారేయడం సరికాదు. రైతు కూలి దినాన్ని, బస్సు ఛార్జీని, ఒక్కోసారి దరఖాస్తు చివరి తేదీని కూడా మింగేసే సమస్య ఇది.

ముందు విషయం అర్థం చేసుకుందాం. లాగిన్ అయినప్పుడు వెబ్‌సైట్ మన బ్రౌజర్‌కు ఒక టోకెన్ ఇస్తుంది. ఆ తర్వాత మనం పంపే ప్రతి వివరంతో పాటు ఆ టోకెన్ కూడా వెళ్తుంది. దాన్ని చూసే సర్వర్ మనల్ని గుర్తుపడుతుంది. కొంతసేపు మన నుంచి ఏమీ వెళ్లకపోతే ఆ టోకెన్ చెల్లదు. ఈ ఏర్పాటు అవసరమే. రైతు సేవా కేంద్రంలోనైనా, గుడివాడ బస్టాండ్ దగ్గర నెట్ సెంటర్‌లోనైనా ఒకే కంప్యూటర్ మీద రోజంతా ఎందరో కూర్చుంటారు. ఒకరు లాగౌట్ చేయకుండా లేచి వెళ్తే వారి ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు తర్వాత వచ్చినవారి కంట పడతాయి. కాబట్టి గడువు ఎత్తేయమని మనం అడగడం లేదు.

మన అభ్యంతరం వేరు. సొసైటీ గుమస్తా భోజనానికి వెళ్తూ గదికి తాళం వేస్తాడు. అది పద్ధతే. కానీ తాళం వేసే ముందు బల్ల మీద సగం రాసిన దరఖాస్తులన్నీ చించి పారేస్తే ఊరుకుంటామా? చాలా వెబ్‌సైట్లు చేస్తున్నది అదే. మనిషిని గుర్తుపట్టే గడువు వేరు, మనిషి రాసిన వివరాల భద్రత వేరు. మొదటిది తీరితే రెండోది ఎందుకు పోవాలి?

పైగా యంత్రానికి ఖాళీగా కనిపించే సమయం మనకు ఖాళీ సమయం కాదు. కౌలు రైతు సంగతే చూడండి. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కార్డుకు భూయజమాని సంతకం అడిగింది, చెల్లుబాటు మాత్రం 11 నెలలే ఇచ్చింది. అంటే ఏటా అదే తిప్పలు. మచిలీపట్నంలోనో హైదరాబాద్‌లోనో ఉన్న యజమానికి ఫోన్ చేసి ఖాతా నంబరు కనుక్కోవాలి. ఓటీపీ కొడుకు ఫోన్‌కు వెళ్తే వాడు ఎత్తేదాకా ఆగాలి. మట్టి పనిలో అరిగిపోయిన వేళ్లకు వేలిముద్ర ఒక పట్టాన పడదు. కోడూరు, నాగాయలంక వైపు సిగ్నల్ పోయిందంటే ఎప్పుడొస్తుందో తెలియదు. ఎదురుమొండి నుంచి పంటు మీద కృష్ణ పాయ దాటి వచ్చిన రైతుకు "మళ్లీ మొదటి నుంచి" అంటే ఇంకో రోజు పోయినట్టే. తుపాను వేళల్లో ఇది ఇంకా కష్టం. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో కోసిన పంట నీళ్లపాలైంది. అలాంటి రోజుల్లో కరెంటు ఉండదు, నెట్ ఉండదు. ధాన్యంలో తేమ 17 శాతం దాటకుండా చూసుకోవాల్సిన రైతు తెర ముందు కూర్చుని పడిగాపులు పడలేడు.

దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండేందుకు ప్రపంచమంతా పాటించే ప్రమాణాలు 2008 నుంచే ఈ సంగతి చెబుతున్నాయి. గడువు పెట్టే చోట సూచించిన మార్గాల్లో ఒకటి ఇది: గడువు తీరే ముందు హెచ్చరించాలి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి, అలా కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలి. మళ్లీ లాగిన్ అయ్యాక వివరాలేవీ పోకుండా పని కొనసాగాలన్నది వాటిలోనే అత్యున్నత స్థాయి నిబంధన. 2023లో వచ్చిన మన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల మూడో సంచిక కూడా ఈ అంతర్జాతీయ ప్రమాణాలనే ఆధారం చేసుకుంది. అయితే అది మధ్య స్థాయి దగ్గరే ఆగింది. హెచ్చరిక నిబంధన అందులోకి వస్తుంది, వివరాలు కాపాడాలన్న నిబంధన రాదు. రైతుకు అసలు కావాల్సింది ఆ రెండోదే.

సగం నింపిన వివరాలు దాచిపెడితే దొంగల పాలవుతాయని కొందరంటారు. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో దాచితే నిజమే. ప్రభుత్వ సర్వర్‌లో ఆ రైతు పేరు మీద దాచి, మళ్లీ ఓటీపీతో లాగిన్ అయ్యాకే చూపిస్తే ఆ భయం లేదు. సేవా కేంద్రం సిబ్బంది మీద కోపం తెచ్చుకోవడం కూడా అన్యాయం. ఆ వెబ్‌సైట్‌ను తయారు చేసింది వారు కాదు, పోయిన వివరాలు మళ్లీ కొట్టాల్సింది మాత్రం వారే.

అందుకే మన డిమాండ్లు ఇవి. గడువు తీరే ముందు తెలుగులో హెచ్చరిక రావాలి, పొడిగించుకునే బటన్ ఉండాలి. నింపిన ప్రతి పేజీ దానంతటదే భద్రం కావాలి. మళ్లీ లాగిన్ అయితే ఆగిన చోటికే వెళ్లాలి. దరఖాస్తు చేరిందో లేదో స్పష్టంగా చెప్పాలి, చేరితే రసీదు నంబరు ఇవ్వాలి, రెండుసార్లు నొక్కినా ఒక్కసారే నమోదు కావాలి. చివరి రోజున సర్వర్ మొరాయిస్తే గడువు తేదీ పొడిగించాలి.

అవి సాధించేదాకా సభ్యులు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు వివరాలు, యజమాని ఖాతా నంబరు అన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాకే లాగిన్ అవ్వండి. ఓటీపీ వచ్చే ఫోన్ దగ్గర ఉంచుకోండి. మధ్యలో ఆగిపోతే మళ్లీ నింపే ముందు మొదటిది నమోదైందో లేదో చూడండి. ఏ పేజీలో, ఏ రోజు, ఎన్ని గంటలకు ఆగిందో రాసి మీ గ్రామ కమిటీకి ఇవ్వండి. మచిలీపట్నం కలెక్టరేట్‌లో వినతిపత్రం ఇచ్చే రోజున మన చేతిలో ఉండాల్సిన ఆధారం అదే.