ఆట మానేస్తేనే చదువా?

అమెరికాలో మన తెలుగు తల్లిదండ్రులది చిత్రమైన లెక్క. పదేళ్ళపాటు తెల్లారకముందే పిల్లని లేపి ఈతకి తిప్పుతారు. కాలేజీలో సీటు రాగానే "ఇక చాలు, చదువుకో" అంటారు. అంటే అంత ఈదిందీ అప్లికేషన్లో ఒక్క లైను కోసమా?

విలియమ్స్, ఆమ్హెర్స్ట్ లాంటి చిన్న కాలేజీల పేరెత్తితే "మనూళ్ళో ఎవరికి తెలుసు?" అని తీసిపారేస్తారు (పెళ్ళిచూపుల్లో చెప్పుకోవాలిగా!). ఇవి ఆడేది ఎన్‌సీఏఏ డివిజన్ 3లో. అక్కడ ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. అదే లోపమంటారు మనవాళ్ళు. నాకైతే సుగుణమే అది. భుజం నొప్పని జట్టు వదిలేసినా, ఇంటి ఆదాయం చూసి ఇచ్చే ఫీజు సాయం ఎక్కడికీ పోదు. పిల్ల జుట్టు కోచ్ చేతిలో ఉండదు.

ఆటలతో చదువు చెడుతుందంటారా? ఎంఐటీ, కాల్‌టెక్ కూడా డివిజన్ 3యే. కాల్‌టెక్ మగపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు తన లీగ్‌లో వరసగా 310 మ్యాచులు ఓడి, 2011లో గెలిచింది. వాళ్ళే మానలేదు, మీ పిల్ల మొదటి సెమిస్టర్లోనే ఎందుకు మానాలి?