కాలీఫ్లవర్ అన్నం కన్నా నాగజెముడు కూర నయం

లో కార్బ్ మొదలుపెట్టిన ప్రతి తెలుగు సాఫ్టువేరు ఇంజనీరూ మొదటి వారంలో చేసే పని ఒకటుంది. కాలీఫ్లవర్‌ని మిక్సీలో వేసి రవ్వలా చేసి, దానికి అన్నం అని పేరు పెట్టుకుని, పైన పప్పు పోసుకు తినడం. రెండో వారంలో చేసేది డైట్ మానెయ్యడం. అమెరికాలో ఉన్నవాళ్ళయితే దీనికే మెక్సికన్ వేషం వేస్తారు. కాలీఫ్లవర్ టోర్టియా, కాలీఫ్లవర్ రైసు, పైన పాకెట్ మసాలా, దాని మీద గుప్పెడు ఛీజు. తిన్నాక ఆకలి తీరదు, మెక్సికన్ తిన్నట్టూ ఉండదు.

తప్పు కాలీఫ్లవర్‌ది కాదు. మన కూరలు అన్నం కోసం పుట్టాయి, అదీ సంగతి. వంకాయ కూరలో ఉప్పూ కారం పడేది ఒక వంతు కూరకి మూడు వంతుల అన్నం కలుస్తుందన్న లెక్కతో. అన్నం తీసేసి అదే కూర గిన్నెడు తినమంటే నాలుగో చెంచాకే నోరు మండుతుంది. డిపెండెన్సీ పీకేసి, మిగతా కోడు ముట్టుకోకుండా రన్ చేస్తే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా. 2018 ప్రాంతంలో మన రెండు రాష్ట్రాల్లో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ పేరు మారుమోగినప్పుడు కూడా అన్నం మానాలా వద్దా అన్నదాని మీద బోలెడు వాదనలు విన్నాను. అన్నం లేకపోతే కూర ఎలా వండాలి అని మాట్లాడినవాళ్ళు నాకు పెద్దగా కనపడలేదు.

ఈ ప్రశ్నకి మెక్సికో వంటింట్లో మంచి జవాబుందని నా అభిప్రాయం. అలాగని మెక్సికన్లు లో కార్బ్ మనుషులు అనుకునేరు! వాళ్ళకి మొక్కజొన్న మనకి వరి లాంటిదే, ఇంకా ఎక్కువేమో కూడా. 2010లో యునెస్కో వాళ్ళ సంప్రదాయ వంటని వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు మొక్కజొన్న, చిక్కుడు గింజలు, మిరప, ఈ మూడే దానికి పునాది అని చెప్పుకున్నారు. మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికించి, కడిగి, రుబ్బి టోర్టియా చేస్తారు. చిన్న మొక్కజొన్న టోర్టియా ఒకదాన్లో కార్బ్స్ సుమారు 12 గ్రాములు. కప్పు అన్నంలో 45 దాకా ఉంటాయి. అంటే రెండు టాకోలు తిన్నవాడు కప్పు అన్నం తిన్నవాడికన్నా నయమే. మనల్ని ముంచేది బుర్రిటో. ఆ దుప్పటంత మైదా టోర్టియా ఒక్కటే 50 గ్రాములు, లోపల మళ్ళీ అన్నం, మళ్ళీ బీన్సు. అంచేత టోర్టియాకి నకిలీ తయారుచేసే శ్రమ నాకు వృథా అనిపిస్తుంది. నకిలీ తినేకన్నా వారానికోసారి అసలుది రెండు తినండి. మిగతా రోజులు కూరగాయల మీద దృష్టి పెట్టండి.

వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సిన మొదటి సంగతి, ఘాటు కూరలో ఉండదు, పక్కన గిన్నెలో ఉంటుంది. కూరగాయని ఉప్పు, ఉల్లిపాయ, వెల్లుల్లితో చప్పగానే వండుతారు. కారం, పులుపు సల్సాలోంచి వస్తాయి, ఎవరికి కావలసినంత వాళ్ళు వేసుకుంటారు. అందుకే కూర పళ్ళెం నిండా తినగలం. రుచికి ఉప్పూ నూనే పెంచుకుంటూ పోవడం కాకుండా కాల్పు, పులుపు, గింజల మీద ఆధారపడతారు.

పచ్చ సల్సా సంగతే చూడండి. అరకిలో టొమటియోలు (పైన కాగితంలాంటి పొర ఉండే పుల్లటి పచ్చకాయలు), రెండు పచ్చిమిరపకాయలు, పావు ఉల్లిపాయ, పొట్టు తియ్యని రెండు వెల్లుల్లి రెబ్బలు. వీటిని నూనె లేకుండా పెనం మీద నల్లమచ్చలు పడేదాకా కాల్చాలి. వెల్లుల్లి పొట్టు తీసేసి, కొత్తిమీర, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా నూరాలి. అంతే. వాళ్ళు నూరేది మూడు కాళ్ళ రాతి రోట్లో, దాన్ని మోల్కహేతే అంటారు. "ఇది మన కాల్చిన టమాటా పచ్చడే కదా" అంటారా? అవును, అన్నదమ్ములే. మిరప, టమాటా అమెరికా ఖండం నించి మనకొచ్చాయి. కొత్తిమీర, ఉల్లి, నిమ్మ, జీలకర్ర స్పెయిన్ వాళ్ళతో అటు వెళ్ళాయి. తేడా ఒక్కటే, మన పచ్చడి అన్నంలో కలపడానికి చేసింది కాబట్టి ఒత్తుగా, ఉప్పగా ఉంటుంది. సల్సా పల్చగా, చెంచాలతో పోసుకునేలా ఉంటుంది.

ఇక నాగజెముడు. మెక్సికో జెండా మీద గద్ద కూర్చున్నది దీని మీదే. మెక్సికన్ కొట్లలో ముళ్ళు గీకేసిన లేత ఆకుల్ని నోపాలెస్ అని అమ్ముతారు. వంద గ్రాముల్లో కార్బ్స్ మూడు గ్రాముల పైచిలుకు, అందులో రెండు పీచే. మనవాళ్ళు ఒకసారి కొని, జిగురు చూసి పారేస్తారు. బెండకాయ వేపుడు చెయ్యడం వచ్చినవాళ్ళకి ఇదేం భయమండీ? ముక్కలు కోసి, వెడల్పాటి మూకుట్లో ఉప్పు, ఉల్లిపాయ వేసి, మూత పెట్టకుండా ఉంచండి. ముందు జిగురంతా బయటకొచ్చి మీ మీద అనుమానం పుట్టిస్తుంది. కదిలించకండి. కాసేపటికి అదంతా ఇగిరిపోయి ముక్కలు ముదురాకుపచ్చగా తేల్తాయి. చల్లారాక టమాటా, కొత్తిమీర, నిమ్మరసం కలిపి గిన్నెడు తినొచ్చు. మన రోడ్ల పక్కనున్న నాగజెముడు మాత్రం కోసుకొచ్చి ప్రయోగాలు చెయ్యకండి, కంటికి ఆనని నూగుముళ్ళు గొంతులో దిగితే కష్టం :)

అదే కొట్లో వెర్దొలాగాస్ అని ఒక కట్ట కనపడుతుంది. అది మన పావిలి కూర, తెలంగాణలో గంగవాయిల కూర. వాళ్ళు పచ్చ సల్సాలోనే ఉడికిస్తారు. మాంసంతో వండటం ఎక్కువ, పనీర్ వేసినా బ్రహ్మాండంగా ఉంటుంది. తోటకూర జాతి ఆకుల్ని కూడా వాళ్ళు తింటారు. పొబ్లానో మిరపకాయల్ని మంట మీద కాల్చి, తొక్క తీసి, చీలికలు చేసి ఉల్లిపాయ, మీగడతో వండితే రాహాస్. దీనికి అన్నమే గుర్తు రాదు.

గింజలు మర్చిపోవద్దు. యుకతాన్ వైపు సికిల్ పాక్ అని ఒకటి చేస్తారు. వేయించిన గుమ్మడి గింజలు, కాల్చిన టమాటా, మిరపకాయ కలిపి నూరడం. నువ్వుల పచ్చడి తిన్నవాడికి పరిచయమైన రుచే. కీరా ముక్కలతో అరగిన్నె తిన్నా ఫరవాలేదు, కడుపు నిండుతుంది.

మోసపోయే చోట్లు కొన్ని. బీన్సులో ప్రోటీను ఉందని కప్పు నల్ల బీన్సు తింటే 40 గ్రాముల కార్బ్స్, అందులో 15 పీచు అనుకున్నా మిగతాది లెక్కలోకి రావాల్సిందే. టాకో మసాలా పాకెట్లలో పిండీ పంచదారా కలిసి ఉండొచ్చు. జీలకర్ర, మిరపపొడి మన డబ్బాలోనే ఉన్నాయి, ఎందుకు కొనడం? శాకాహారులు డబ్బా రీఫ్రైడ్ బీన్సు లేబుల్ తప్పకుండా చదవాలి, చాలావాటిలో పందికొవ్వు ఉంటుంది.

షుగరుకి ఇన్సులినో, చక్కెర బాగా దించే మాత్రలో వాడేవాళ్ళు మాత్రం ఇది చదివి రేపట్నించే అన్నం ఎత్తెయ్యకండి. కార్బ్స్ తగ్గి మందు డోసు అలాగే ఉంటే చక్కెర ప్రమాదంగా పడిపోతుంది. ముందు డాక్టరుతో మాట్లాడండి. ఈ విషయంలో బ్లాగు రాసేవాడి మాట అస్సలు వినొద్దు.

హైదరాబాదులో ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. నాగజెముడు మర్చిపోండి. టొమటియో బదులు పచ్చి టమాటాకి కాస్త నిమ్మరసం, పొబ్లానో బదులు లావు బజ్జీ మిరపకాయ. గుమ్మడి గింజలు ఇప్పుడు సూపర్ మార్కెట్లలో ఉంటున్నాయి. పప్పులో పడేస్తూ ఉంటామే, ఆ బెంగుళూరు వంకాయ అసలు మెక్సికోదే. అక్కడ దాని పేరు చయోతే. ముక్కలు చేసి వెల్లుల్లితో మగ్గబెట్టి, మీద పచ్చ సల్సా పోసుకోండి. లేతదైతే గింజ కూడా తీసెయ్యక్కర్లేదు.