ప్రాసెసరు కన్నా ముందు కొనవలసినది



బోయిగూడ టింబరు డిపోలలో ద్వారబంధానికి కలప కొనేవారిని గమనించండి. పైమెరుగు చూడరు, చేవ చూస్తారు. అక్కడికి దగ్గరలోనే, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో, కంప్యూటరు విడిభాగాలు అమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటరు ఉంది. ఇంట్లో ఇచ్చిన కొద్దిపాటి డబ్బుతో అక్కడికి వెళ్ళేటప్పుడు మాత్రం మనం ఆ తెలివి మరచిపోతాం. ముందుగా ప్రాసెసరు అడుగుతాం. సగం డబ్బు దానికే పోతుంది. విద్యుత్తు అందించే పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్టుతో ఊరికే వచ్చినదే చాలునంటాం. ఇది పొదుపు కాదని నా అభిప్రాయం.

ఆ పెట్టె చేసే పని చూడండి. ఇంటికి వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. కంప్యూటరుకు కావలసినది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఆ మార్పు చేసేది ఇదే. కరెంటు హెచ్చుతగ్గుల దెబ్బ మొదట తగిలేదీ దీనికే. నాసిరకం పెట్టె కాలిపోతే ఒక్కొక్కసారి మదర్‌బోర్డును కూడా వెంట తీసుకుపోతుంది.

మరి మంచిదేదో ఎలా తెలుస్తుంది? పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంటే వెంటనే నమ్మకండి. పక్కన చిన్న అక్షరాల పట్టిక ఉంటుంది. అందులో 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లో చదవండి. 20 అని ఉందనుకుందాం. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయని పాఠంలో చదివారు కదా! 12 × 20 = 240. ఈనాటి ప్రాసెసరూ, గ్రాఫిక్స్ కార్డూ విద్యుత్తును చాలావరకు ఈ 12 వోల్టుల తీగలనుంచే తీసుకుంటాయి. కనుక వాటికి అందేది 240 వాట్లే. పట్టికే లేని పెట్టెను అక్కడే వదలి రండి.

తరువాత ఖర్చు పెట్టవలసినది ఎస్‌ఎస్‌డీ మీద. మామూలు హార్డ్‌డిస్కు నిమిషానికి 7,200 చుట్లు, అంటే సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. కావలసిన సమాచారం చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అరచుట్టు, సుమారు 4 మిల్లీసెకన్లు పడుతుంది. ముల్లు జరగడానికి పట్టే కాలం వేరు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదే లేదు!

ర్యామ్ ఇప్పటికి 8 జీబీ కర్ర ఒకటి చాలు. రెండవ గాడి ఖాళీగా ఉంచండి, పండుగ డబ్బులు వచ్చినప్పుడు నింపవచ్చు.

ఇక ప్రాసెసరు. చిన్నదే కొనండి, అదే సాకెట్టులో అమరే పెద్దది తరువాత మార్చుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. కాస్త చౌక అని తెచ్చుకుంటే, వేరే కార్డు కొనేదాకా తెరమీద బొమ్మ రాదు. రంగుదీపాల అద్దాల క్యాబినెట్టు సంగతంటారా? దీపావళి ఏడాదికొకసారి చాలు.

ఆఫీసులు తీసివేసిన పాత కంప్యూటరు కొనడం కూడా మంచి ఉపాయమే. కాని ముందు మూత తీయించి చూడండి. కొన్ని కంపెనీల యంత్రాలలో విద్యుత్ పెట్టె ఆకారమూ, తీగల కొసలూ వేరుగా ఉంటాయి. అది చెడిపోతే బజారులో దొరికే మామూలు పెట్టె అందులో అమరదు.